గట్టున్న అరుగు

ఆ కాలనీలో ఆవిడని అందరూ గీతలమ్మ అనే పిలిచేవారు. ఇళ్ళు కట్టించే సంస్థలో చేరిన నాటి నుంచి రిటైరయ్యేదాకా ఆవిడ చేసిన పని ఒక్కటే, నక్షాలు గీయడం. ఇంజనీర్లు చెప్పేవారు, ఆవిడ గీసేది. ఎత్తుబల్ల మీదికి వంగి వంగి వీపు కాస్త గూనిపడింది గానీ వేళ్ళలో పదును మాత్రం తగ్గలేదు. దోసకాయ తరిగితే ముక్కలన్నీ ఒక్క అచ్చులో పోసినట్టుండేవి. తీగ మీద ఆరేసిన దుప్పటి ఓ పక్కకి దిగితే, వీధిలోకి వెళ్ళిన మనిషి వెనక్కొచ్చి సరిచేసి మరీ వెళ్ళేది.

"మా వదిన తుమ్మినా తిన్నగానే తుమ్ముతుంది" అనేది తమ్ముడి భార్య.

గీతలమ్మ ఉండేది ఆ తమ్ముడూ మరదళ్ళ దగ్గరే. పెళ్ళి మాట వచ్చినప్పుడల్లా తమ్ముడి చదువు అడ్డమొచ్చింది. చదువు పూర్తయ్యేసరికి ఆ మాట ఎత్తేవాళ్ళు మిగల్లేదు. దాని గురించి ఆవిడకి దిగులేమీ లేదు. తమ్ముడు అక్క మాట జవదాటడు. మరదలికి నోరు పెద్దదైనా మనసు వెన్న.

తమ్ముడు ఆ కాలనీలో పాత ఇల్లు బేరమాడినప్పుడు, చూడడానికి వచ్చిన గీతలమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది. "ఇది నేను గీసిన ఇల్లురా" అంది. ముందు గది, వెనక గది, పక్కన వంటిల్లు, వెనకాల చిన్న పెరడు. ఒకప్పుడు ఊరికి దూరంగా, బస్సయినా రాని బీడు మీద వరసలు వరసలుగా కట్టిన ఇళ్ళవి. జీవితమంతా ఎవరెవరికో ఇళ్ళు గీసింది గానీ, తను గీసిన ఇంట్లో తను ఉండటం ఆవిడకి అదే మొదలు.

ఆ తర్వాత ఊరు పెరిగి పెరిగి కాలనీని మింగేసి, దాన్ని దాటి ఎక్కడికో పోయింది. అక్కడి స్థలానికి గిరాకీ వచ్చింది. రెండేసి ఇళ్ళు కలిపి కొని, పడగొట్టి, అపార్టుమెంట్లు లేపసాగారు. ఎప్పుడు చూసినా ఏదో ఒక వరసలో పన్ను ఊడినట్టు ఖాళీ కనబడేది.

సరిగ్గా ఆ రోజుల్లోనే కాలనీ లైబ్రరీకి కొత్త లైబ్రేరియన్ వచ్చింది. కళ్ళజోడు తలమీదికి నెట్టుకుని దాని కోసం బల్లంతా వెతుక్కునే మనిషి. రాజుల చరిత్ర, కోటల చరిత్ర రాయడానికి బోలెడుమంది ఉన్నారు, ఊరి చివర వరస ఇళ్ళలో బతికిన వాళ్ళ సంగతులు ఎవరు దాచిపెడతారన్న బెంగ ఆవిడకి పట్టుకుంది. మూలపడ్డ పత్రికల గదిని ఖాళీ చేయించి, అందులో కాలనీ చరిత్ర పెడదామనుకుంది. ఇక కాలికి బలపం కట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది. తుప్పుపట్టిన ఇంటి నంబరు రేకులు, వీధి పంపు పిడి, మొదటిసారి బస్సు వచ్చిన రోజు డ్రైవరు చుట్టూ మూగి దిగిన ఫొటో, ఏది దొరికితే అది అడిగి తెచ్చుకుంది. అలా తిరుగుతూ ఓ సాయంత్రం గీతలమ్మ ఇంటికి వచ్చింది.

"అమ్మగారూ, ఈ ఇళ్ళ ప్లాను గీసింది మీరేనట కదా? ఇన్నాళ్ళూ ఒక్కరూ చెప్పలేదేంటి నాకు!"

"ఇంజనీరు గారు చెప్పారు, నేను గీశాను. అందులో చెప్పుకోడానికేముందమ్మా?"

"అలా అనకండి. అసలు నక్షాలేవని ఆఫీసులో అడిగితే చెదలు తినేశాయన్నారు. మీరు మాతో వస్తే ఇళ్ళు కొలుచుకుంటూ మళ్ళీ గీయించుకుంటాను. వచ్చే ఆదివారం పొద్దున్న కాలనీ అంతా నడుద్దామనుకుంటున్నాం. పాతవాళ్ళు చాలామంది వస్తామన్నారు."

గీతలమ్మ నసుగుతుంటే మరదలు టీ గ్లాసులు పట్టుకొచ్చింది. "అడగడం అలా కాదమ్మా. చేతికి ఓ టేపు ఇవ్వండి, ఎంత దూరమైనా వస్తుంది మా వదిన."

ఆదివారం గీతలమ్మ టేపు, పెన్సిళ్ళు, కాగితాల అట్ట సంచీలో వేసుకుని బయల్దేరింది. లోపల ఓ మూల బెరుకుగానే ఉంది. వంటిల్లు ఇరుకనో, వెనక గదిలో గాలి ఆడదనో ఎవరో ఒకరు మొహం మీదే అనేస్తారని ఆవిడ భయం. జరిగింది వేరు.

ముందుగా వెళ్ళిన ఇల్లు ఒక రిటైర్డ్ పోస్ట్‌మాన్‌ది. ఆయన ఎదురొచ్చి, "ఈవిడేనా మన ఇళ్ళు గీసినావిడ?" అని లైబ్రేరియన్‌ని అడిగి, గీతలమ్మకి వంగి నమస్కారం పెట్టాడు. "అమ్మా, ఇదంతా మీ అరుగు చలవ. ఉత్తరాలన్నీ పంచి వచ్చి ఇదిగో ఇక్కడ కూలబడేవాణ్ణి. లోపలికి వెళ్ళేలోపు సగం అలసట ఇక్కడే దిగిపోయేది. మా నాన్న ఆఖరి రోజుల్లో వీధిని చూస్తూ కాలం గడిపింది కూడా దీనిమీదే. మంచంలో ఉంటే ఎప్పుడో పోయేవాడు."

ఆ కాలనీలో ప్రతి ఇంటికీ గుమ్మం పక్కన, గోడకి ఆనుకుని, మోకాలెత్తున ఓ అరుగు ఉంది. నున్నటి గచ్చు చేసిన సిమెంటు అరుగు.

రెండో ఇంట్లో ట్యూషన్లు చెప్పిన టీచరు. "గదిలో చోటేదండీ? వీధిలో పిల్లలందరికీ ఈ అరుగు మీదే చదువు చెప్పాను. ఇప్పటికీ ఎక్కడ కనబడినా 'అరుగు టీచర్' అనే పిలుస్తారు." ఆ పక్కింట్లో కుట్టుపని చేసుకునే పెద్దావిడ. ఆవిడ గీతలమ్మ చేతులు పట్టుకుని చాలాసేపు వదల్లేదు. "మా ఆయన పోయాక మిషను తెచ్చి అరుగు మీద పెట్టుకున్నానమ్మా. లోపలే కూర్చుని ఉంటే నేనొకదాన్ని ఉన్నానని ఎవరికి తెలిసేది? దారిన పోయేవాళ్ళు చూసి ఇచ్చారు పని. పిల్లలూ నేనూ నాలుగు మెతుకులు తిన్నామంటే మీ పుణ్యమే."

ఇలా ఇంటింటా పొగడ్తే. కానీ మెచ్చుకున్న నోటితోనే ప్రతివాళ్ళూ ఇంకో మాట కూడా అనేవారు. అరుగుకి వీధివైపు అంచున రెండు వేళ్ళ ఎత్తున ఓ గట్టు ఉంది. కూర్చుంటే సరిగ్గా తొడల కింద ఒత్తుకుంటుంది. "అన్నీ ఆలోచించి చేశారు గానీ ఈ గట్టు పెట్టారేంటమ్మా?" అని అందరిదీ అదే ప్రశ్న. ఓపిక లేనివాళ్ళు ఉలితో చెక్కించేశారు. ఉన్నవాళ్ళు గోనెపట్ట మడిచి పరుచుకున్నారు. ఎందుకు పెట్టారో మాత్రం తలా ఒకటి చెప్పారు.

"పిల్లల గోళీలు దొర్లి మురిక్కాలవలో పడకుండా" అన్నాడొకాయన.

"కాదు, కడిగిన నీళ్ళు వీధిలోకి పోకుండా" అన్నాడు ఇంకొకాయన.

"మరి మూలన ఆ కన్నం ఎందుకండీ? నీళ్ళు పోడానికేగా?" అంది టీచరు.

పోస్ట్‌మాన్ గొంతు సవరించుకున్నాడు. "నన్నడిగితే, సాయంత్రం కబుర్లకి కూర్చున్నవాళ్ళు ఎంతకీ లేవరు చూడండి, పొయ్యి మీద కూర మాడుతోంది లెమ్మని గుచ్చడానికి."

అందరూ నవ్వారు, గీతలమ్మ తప్ప. మొదటి ఇంటి నుంచీ ఆవిడ ఒకటే మాట చెబుతోంది. "అరుగు నేను గీయలేదండీ. నా నక్షాలో గుమ్మం ముందు రెండు మెట్లే ఉండేవి." ఒక్కళ్ళయినా చెవిన వేసుకోలేదు. పెద్దవాళ్ళ వినయమే అంత అన్నారు. ఇంటింటా దణ్ణాలు అందుకుని తిరిగి వచ్చేసరికి ఆవిడకి పొరపాటున పరాయివాళ్ళ చెప్పులు తొడుక్కొచ్చినట్టుంది.

"పిలిచి పేరిస్తుంటే కాలదన్నుకుంటారేంటి వదినా?" అంది మరదలు సంగతంతా విని. "కట్టినవాళ్ళెవరో వచ్చి అడుగుతున్నారా ఏంటి?"

"సొమ్మొకడిది సోకొకడిది అంటారు, ఎప్పుడైనా విన్నావా?"

"విన్నాలెండి. సోకు మీకు పుట్టుకతోనే లేదు, దాని గురించి బెంగెందుకు?"

గీతలమ్మకి నవ్వొచ్చింది గానీ బెంగ పోలేదు. కుట్టుపని పెద్దావిడ పట్టుకున్న చేతుల వెచ్చదనం ఇంకా అలాగే ఉంది. అది ఎవరికి చెందాల్సిందో వాళ్ళకి అందలేదని ఆవిడకి తెలుస్తూనే ఉంది.

రెండు రోజుల తర్వాత లైబ్రరీకి వెళ్తే, లైబ్రేరియన్ గోడకి పెట్టబోయే బోర్డు చూపించింది. అందులో అరుగు ఫొటో, దాని కింద 'రూపకల్పన: గీతలమ్మ' అని అందమైన అక్షరాలు.

"ఇది తీసేయమ్మా."

"మళ్ళీ మొదలెట్టారా? మీరు కాకపోతే ఎవరి పేరు రాయమంటారో చెప్పండి అమ్మగారూ, రాసేస్తాను."

ఆ ఇళ్ళు కడుతున్నప్పుడు గీతలమ్మ ఆఫీసులో బల్ల దగ్గరే ఉంది. సైటు మొహం చూడలేదు. ఇంజనీరు గారు పోయి చాలా కాలమైంది. ఆలోచించి, ఆలోచించి, "ఆ సైటు చూసుకున్న మేస్త్రి ఉండాలి" అంది. "అరుగు సంగతి మొదట ఆయన కళ్ళలోనే పడి ఉంటుంది. పద, వెతుకుదాం."

మేస్త్రిని పట్టుకోవడం అనుకున్నంత కష్టం కాలేదు. కొడుకుది ఇనప సామాన్ల కొట్టు. దాని ముందు కుర్చీ వేసుకుని, వచ్చేపోయేవాళ్ళని పలకరిస్తూ కూర్చుంటాడు. మనిషి గట్టిగానే ఉన్నాడు గానీ చెవులు మొరాయించాయి.

"మేస్త్రి గారూ, కాలనీలో అరుగులు..." అంది గీతలమ్మ.

"ఎరుగుదును, ఎరుగుదును! డ్రాయింగు మేడమ్‌ని ఎరక్కపోవడమేంటి!"

"అది కాదు. అరుగులు! ఇళ్ళ ముందు అరుగులు! మీరే కట్టించారా?"

ఈసారి ఆయనకి వినబడింది. పకపకా నవ్వాడు. "కట్టించానా? పగలగొట్టించబోయాను మేడమ్! కూలీల్లో ఓ పిల్ల ఉండేది. బొంగరం అనేవాళ్ళం. తట్ట మోస్తూ ఒక్క చోట నిలిచేది కాదు. తాపీ పని కూడా పక్కన నిలబడి చూసే నేర్చేసుకుంది. ఓ రోజు పొద్దున్నే వచ్చి చూద్దును గదా, మొదటి వరసలో మొదటి ఇంటి ముందు అరుగు లేచి ఉంది. సాయంత్రం పని దిగాక, మిగిలిన సిమెంటు మాలు, విరిగిన ఇటుకలు పోగుచేసి కట్టేసింది. నక్షాలో లేనిది ఉంటే పెద్ద సారు నా తోలు తీస్తాడు. ఒళ్ళు మండి గునపం తెమ్మన్నాను. గునపం వచ్చేలోపు సారు జీపు వచ్చేసింది."

"తిట్టారా?" అంది లైబ్రేరియన్.

"ఎక్కడ తిట్టాడు? ఎండలో సైటంతా తిరిగాడు, కాళ్ళు పీక్కుపోయాయి. తిన్నగా వచ్చి దానిమీదే కూర్చున్నాడు. నీళ్ళు తాగాడు. కాగితాల మీద సంతకాలు కూడా అక్కడే పెట్టాడు. లేస్తూ లేస్తూ, 'ఇది నక్షాలో ఉందా?' అన్నాడు. నేను తల గోక్కున్నాను. 'లేకపోతే లేకపోయింది, ఇలాంటిది అన్నింటికీ పెట్టించు' అని వెళ్ళిపోయాడు."

"మరి ఆ గట్టు మేస్త్రి గారూ?"

"అదీ ఆ పిల్ల పెట్టిందే. ఎందుకో నేనడగలేదు. సారు 'ఇలాంటిదే' అన్నాడుగా, గట్టుతో సహా అన్నింటికీ దించేశాను."

బొంగరం ఇప్పుడెక్కడుందంటే, రైలు గేటు అవతల కొత్త ఇళ్ళలో నర్సు ఉద్యోగం చేసే కూతురి దగ్గర ఉంటోందని చెప్పాడు. "అప్పుడప్పుడు కొట్టుకొస్తుంది మేకుల కోసం. బేరమాడందే పైసా రాల్చదు" అన్నాడు ఆప్యాయంగా.

మర్నాడు ఇద్దరూ వెళ్ళేసరికి, సన్నగా రివటలా ఉన్న ఓ పెద్దావిడ స్టూలెక్కి ప్రహరీ గోడ పగులుకి సిమెంటు మెత్తుతోంది. చేతిలో తాపీ ఎంత అలవాటుగా తిరుగుతోందంటే, అడక్కుండానే గీతలమ్మకి మనిషెవరో తెలిసిపోయింది.

"బొంగరం అంటే మీరేనా అమ్మా?"

తాపీ ఆగిపోయింది. "ఆ పేరు మీకెవరు చెప్పారు?"

"కాలనీ కట్టిన మేస్త్రి గారు. ఆ అరుగు గురించి మాట్లాడదామని..."

బొంగరం స్టూలు దిగి, కొంగు నడుముకి బిగించింది. "చూడండమ్మా, ముందే చెబుతున్నా. అవి విరిగిన ఇటుకలే. మంచి ఇటుక ఒక్కటి ముట్టుకున్నానంటే ఒట్టు. ఆ మాలు కూడా తెల్లారితే గట్టిపడిపోయేదే. ఇన్నేళ్ళకి ఎవరు పెట్టారు ఫిర్యాదు?"

లైబ్రేరియన్‌కి నవ్వాగలేదు. గీతలమ్మ మాత్రం గబగబా ఆవిడ దగ్గరికి వెళ్ళి, "ఫిర్యాదు కాదమ్మా. ఎందుకు కట్టారో అడుగుదామని వచ్చాం, అంతే" అంది.

బొంగరం ఇద్దరి మొహాలూ పరీక్షగా చూసి, నమ్మకం కుదిరాక లోపలికి తీసుకెళ్ళి మంచినీళ్ళిచ్చింది. అప్పుడు చెప్పింది.

"అప్పుడు నా పిల్ల పొత్తిళ్ళలో ఉంది. ఇంట్లో చూసేవాళ్ళు లేరు, పనికి పోకపోతే గడవదు. ఎత్తుకునే వచ్చేదాన్ని. ఉయ్యాల కడదామంటే ఆ బీట్లో చెట్టన్నది లేదు. నేల మీద వేస్తే చీమలు. సరేలెమ్మని ఇసక కుప్ప మీద గుడ్డ పరిచి పడుకోబెట్టేదాన్ని. ఓ రోజు లారీవాడు చూసుకోకుండా ఆ కుప్ప మీదికే వెనక్కి తోలాడు. తట్ట పారేసి పరిగెత్తి పిల్లని లాక్కున్నా. అమ్మో, ఇప్పటికీ లారీ చప్పుడు వింటే పిల్లెక్కడుందని వెతుక్కుంటా. ఆ సాయంత్రం అందరూ వెళ్ళాక కట్టేశా. పాలిచ్చేటప్పుడు నేను కూర్చోడానికి కాస్త చోటు, పక్కన పిల్లకి కాస్త చోటు."

"మరి గట్టు?" అంది గీతలమ్మ.

బొంగరం ఆవిడ వంక వింతగా చూసింది. "పిల్ల దొర్లి పడిపోదూ?"

లైబ్రేరియన్ మెల్లిగా అడిగింది. "ఆ మూలన కన్నం?"

"పసిపిల్లన్నాక ఊరుకుంటుందా అమ్మా? నీళ్ళు పోసి కడిగితే పోవాలి గదా!"

ముగ్గురూ ఒక్కసారే నవ్వారు. నవ్వుతూనే గీతలమ్మకి కళ్ళు చెమ్మగిల్లాయి. ఇన్నాళ్ళుగా ఒక కాలనీ కాలనీ కూర్చుని అలసట తీర్చుకున్నది ఓ పసిబిడ్డ పక్క మీద! గట్టు గుచ్చుకుంటోందని విసుక్కున్న వాళ్ళలో ఒక్కరికీ ఆ సంగతి తెలియదు.

అప్పుడు గీతలమ్మ తను వచ్చిన పని చెప్పింది. పోస్ట్‌మాన్ ఏమన్నాడో, వాళ్ళ నాన్న వీధిని చూస్తూ ఎలా గడిపాడో చెప్పింది. అరుగు టీచరు గురించి చెప్పింది. కుట్టుపని పెద్దావిడ తన చేతులు ఎలా పట్టుకుందో చెబుతూ, తనకు తెలియకుండానే బొంగరం చేతులు అలాగే పట్టుకుంది. సిమెంటు అంటిన చేతులు. "ఇవన్నీ నాకు చెప్పారమ్మా, నేననుకుని. అవి నావి కావు. మీ సొత్తు మీకు చేర్చి పోదామని వచ్చాను."

బొంగరం చేత్తోనే మొహం తుడుచుకుంటే చెంప మీద సిమెంటు చార పడింది. "ఇంతమంది... నాకా?" అంది. మళ్ళీ తనే, "అలా అయితే నేనూ ఒకరికి చెప్పాల్సింది ఉండిపోయిందమ్మా" అంది.

"ఎవరికి?"

"ఎవరో తెలిస్తే గదా! నేను చాలా సైట్లలో మోశాను. గుమ్మం మీద సన్‌షేడు ఎక్కడైనా జానెడే ఉండేది, పేరుకి. ఈ ఇళ్ళకి మాత్రం ఇంత బారున ముందుకొచ్చి ఉంటుంది. మిట్టమధ్యాహ్నం ఆ బీడంతటికీ నీడంటే దాని కిందే. అది లేకపోతే అరుగు కట్టి ఏం లాభం, పిల్ల మాడిపోయేది. దీన్ని గీసిన మహాతల్లో మహానుభావుడో చల్లగా ఉండాలని రోజూ అనుకునేదాన్ని."

ఆ కాలనీలో అందరూ అరుగునే చూశారు. తల పైకెత్తి సన్‌షేడు వంక చూసినవాళ్ళు లేరు. ఆ నక్షాలన్నింటిలోనూ ఇంజనీరు చెప్పకుండా గీతలమ్మ సొంతంగా గీసిన గీత అదొక్కటే. చిన్నప్పుడు అద్దె ఇల్లు వెతుక్కుంటూ నాన్నతో ఒకరి గుమ్మం ముందు వానలో నిలబడాల్సి వచ్చింది. తలుపు తీసేదాకా నాన్న తన రెండు అరచేతులూ ఆవిడ తల మీద పట్టాడు. సన్‌షేడు గీస్తున్న రోజున ఆ అరచేతులే గుర్తొచ్చి గీత కాస్త ముందుకి లాగింది. ఇంజనీరు గారు చూశారు, ఓసారి తలెత్తి ఆవిడ వంక చూశారు, ఏమీ అనకుండా సంతకం పెట్టేశారు. ఈ సంగతి ఆవిడ తమ్ముడికి కూడా ఎప్పుడూ చెప్పలేదు.

"అది నేను గీసిందే" అంది గీతలమ్మ.

బొంగరం నోరు తెరుచుకుని చూసింది. తర్వాత లేచి వచ్చి ఆవిడ పక్కనే కూర్చుంది. "అయితే నీ నీడలోనే పెరిగింది అక్కా నా పిల్ల."

అప్పటిదాకా 'అమ్మా, మీరు' అన్న మనిషి ఎప్పుడు 'అక్కా, నువ్వు'లోకి దిగిందో ఇద్దరికీ తెలియలేదు. సందు దొరికితే ఏదో ఒకటి రాసుకునే లైబ్రేరియన్ ఆ పూట కలం తియ్యడమే మర్చిపోయింది.

ఇంటికొచ్చి గీతలమ్మ బల్ల వేసుకుంది. కాలనీ ఇంటి నక్షా మళ్ళీ మొదటి నుంచీ గీసింది. ముందు గది, వెనక గది, వంటిల్లు, పెరడు. ఈసారి గుమ్మం పక్కన అరుగు గీసింది, అంచున గట్టు, మూలన కన్నం. అంతా అయ్యాక పెన్సిలు పట్టుకుని చాలాసేపు కూర్చుంది. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఆవిడ నక్షాల్లో మనుషులుండేవారు కాదు. గోడలు, తలుపులు, కిటికీలు, అంతే. ఇప్పుడు అరుగు మీద, గట్టుకి ఇవతల, గుడ్డలో చుట్టిన పసిబిడ్డ బొమ్మ చిన్నది వేసింది. చేయి తిరగని పని కాబట్టి నాలుగుసార్లు చెరిపింది.

భుజం మీదుగా తొంగిచూసిన మరదలు, "వదినా, పిల్ల కూడా స్కేలు పెట్టి గీసినట్టే ఉంది" అంది. అని, ఆవిడ గూని వీపు మీద చేయి వేసి అలాగే నిలబడింది.

గది తెరిచిన రోజు లైబ్రరీలో కాలు పెట్టడానికి చోటు లేదు. మేస్త్రి, కొడుకుని వెంటేసుకుని వచ్చాడు. ఎదురుపడిన వాళ్ళందరికీ గునపం కథ చెప్పాడు. బొంగరం ఉతికిన చీర కట్టుకుని, జనాన్ని చూసి బెదిరి, గీతలమ్మ కొంగు పట్టుకుని వచ్చింది. ఆవిడ నోటితోనే గట్టు కథ విన్నాక పోస్ట్‌మాన్ తలొంచుకున్నాడు.

"నేను చెక్కించేశానమ్మా మా ఇంటిది. తెలియక."

"చెక్కిస్తే మంచిదే అయింది బాబూ" అంది బొంగరం. "పిల్ల పెద్దదయ్యాక నేను కూర్చుని చూశా. నా తొడలకీ గుచ్చుకుంది."

ఆ నవ్వులతో భయం తీరిపోయింది ఆవిడకి. కుట్టుపని పెద్దావిడ జనాన్ని తోసుకుంటూ వచ్చి బొంగరాన్ని వాటేసుకుంది. ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో ఆ గోలలో ఎవరికీ వినబడలేదు. బోర్డు మీద ఏం పేరు రాయమంటారని లైబ్రేరియన్ ముందే అడిగితే, "బొంగరం అనే రాయండి, కట్టినప్పుడు నా పేరదే" అంది. అలాగే రాశారు. 'అరుగు కట్టింది బొంగరం. నీడ గీసింది గీతలమ్మ.'

డ్యూటీ దిగి నర్సు కూతురు వచ్చేసరికి సాయంత్రమైంది. జుట్టు నెరవడం మొదలైన మనిషి. నక్షా ముందు నిలబడి, పటం అద్దానికి మొహం దగ్గరగా పెట్టి చూసింది.

"అమ్మా, ఇది నేనా?"

"నువ్వే. ఎంత బుద్ధిగా పడుకున్నావో చూడు. నిజానికి ఒక్క రోజూ అలా పడుకోలేదు."

కూతురు నవ్వబోయి నవ్వలేకపోయింది. గీతలమ్మ వైపు తిరిగి, "పెద్దమ్మా" అని మాత్రం అంది. గీతలమ్మకి అది చాలింది. పుట్టి బుద్ధెరిగాక ఆవిడని ఆ వరసతో పిలిచినవాళ్ళు లేరు.

గది వచ్చింది కదాని ఇళ్ళు పడిపోవడం ఆగలేదు. వానలు మొదలయ్యేలోపే మొదటి వరసలో మొదటి ఇల్లు కూడా పోయింది. దాని అరుగుని అలాగే పెకలించి లైబ్రరీకి తేవాలని మేస్త్రి కొడుకు మనుషుల్ని పంపాడు గానీ, లేపగానే ముక్కలైంది. విరిగిన ఇటుకల అరుగు, ఎంతని నిలుస్తుంది? కన్నం ఉన్న మూల ముక్క ఒక్కటి నిలిచింది. దాన్ని గదిలో నక్షా కింద పెట్టారు. వచ్చిన పిల్లలు ముందు ఆ కన్నంలో వేలు పెట్టి చూసి, ఆ తర్వాతే బోర్డు చదువుతారు.

ఆదివారం నడకలు మాత్రం ఆగలేదు. ఇప్పుడు ముందు నడిచేది బొంగరం. అక్కడ నిలబడి, ఇక్కడ చేయి చూపించి, ప్రతి ఇంటి ముందూ కథ చెబుతుంది. చెప్పిన కొద్దీ కథ పెరుగుతోంది. మొన్న అందులోకి ఓ పాము కూడా వచ్చింది. పడగ విప్పి గట్టు దాకా వచ్చి, దాటలేక వెనక్కి తిరిగిందట. వినేవాళ్ళు ఊపిరి బిగబట్టారు.

మరదలు గీతలమ్మ చెవిలో, "పాము ఎప్పుడొచ్చింది వదినా? మొన్నటిదాకా లేదుగా? వెంట్రుకవాసి తేడా వస్తే ఒప్పుకోని మనిషి, మీరేంటి ఊరుకుంటున్నారు?" అంది.

"అరుగు కొలతలు నేను సరిగ్గా రాసిపెట్టాను" అంది గీతలమ్మ. "పాము పొడవు దాని ఇష్టం."

అని, సంచీలోంచి టేపు తీసి, సన్‌షేడు నీడలోకి జరిగి, తర్వాతి ఇల్లు కొలవడం మొదలుపెట్టింది.